గోరగనమూడి సన్యాసి, మా అత్త కరెంటు

మా మేనత్తకి గర్భసంచి మూతి కాడ కేన్సరని తేలింది. ఐదేళ్ల కిందటి మాట. విశాఖలో ఒక ఆసుపత్రిలో చూపిస్తే 25 సార్లు కరెంటు పెట్టాలన్నారు. మన వైపు రేడియేషన్ వైద్యాన్ని కరెంటనే అంటారు, మీకూ తెలుసు. 14 సార్లు పెట్టించుకుని అత్త పాతపట్నం వచ్చేసింది. నీరసం, విరేచనాలు, విశాఖలో గది అద్దె, ఇంటికాడ కోతలు. నాలుగు రోజులుండి ఎల్దామనుకుంది. ఆ నాలుగు కాస్తా పదకొండయ్యాయి.

ఆ పదకొండు రోజులూ అత్త ఎక్కడుందో తెలుసా? వీధి అరుగు మీద. వేరే చాప, వేరే కంచం, వేరే గ్లాసు. ఇంట్లో కోడలు కడుపుతో ఉంది. అత్త ఒంట్లోంచి కిరణాలు వస్తాయని, అవి కడుపులో బిడ్డకి తగులుతాయని ఎవరో చెప్పారు. మనవడు అరుగు కాడికి పోతే లాక్కొచ్చీవారు. ఒక రోజు అత్త నన్ను పిలిచి, తన ఒంట్లోంచి నిజంగా ఏటైనా వస్తందా అని అడిగింది.

నేను చెప్పలేకపోయాను. కొవ్వాడ మీద ఎన్ని మీటింగుల్లో మైకు పట్టుకున్నానో లెక్కలేదు. రేడియేషన్ అన్న మాట నా నోట వందలసార్లు వచ్చింది. పిల్లలు రెండు తలకాయల్తో పుడతారని కూడా అన్నాను ఒకసారి, జనం చప్పట్లు కొట్టారు. సొంత అత్త అడిగితే మాత్రం నోట మాట రాలేదు. పదో తరగతి తప్పినోడిని, చదివిందంతా లైబ్రరీల్లోనూ, లైట్లు పోయిన రాత్రుళ్లు ఫోన్లోనూ. దీని గురించి మాత్రం చదవకుండానే అరిచాను.

అత్తని మళ్లీ విశాఖ తీసుకెళ్లాను. ఆవిడ వంతు వచ్చేలోగా ఊరికే తిరగడం నాకలవాటు. ఆంధ్రా యూనివర్సిటీ వైపు తిరుగుతుంటే అక్కడి అణు పరిశోధన ప్రయోగశాలలకి స్వామి జ్ఞానానంద పేరు పెట్టారని తెలిసింది. నాకు స్వాములంటే పడదు. అణువుల ప్రయోగశాలకి స్వామి పేరేటి, ఇక్కడ కూడా హోమాలేనా అని వెటకారంగానే మొదలెట్టాను. ఆ వెటకారం నిలబడలేదు. ఇప్పుడు ఆ మనిషి కథే మీకు చెప్తన్నాను. కరెంటంటే ఏటో నాకు అర్థమైంది ఆయన వెనక పడ్డాకే.

ఆయన అసలు పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. పశ్చిమ గోదావరిలో భీమవరం దగ్గర గోరగనమూడి. 1896 డిసెంబరు 5న పుట్టాడు. ఆ సంవత్సరం గుర్తెట్టుకోండి. అంతకు ముందు ఏడాది చివర్లో జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలు చూశాడు. 1896 మొదట్లో ఫ్రాన్సులో బెకెరెల్, యురేనియం ఉప్పు దానంతటదే కిరణాలు విడుస్తోందని కనిపెట్టాడు. అంటే ఈ రేడియేషన్ విద్యా, గోరగనమూడి పిల్లడూ ఒక ఈడువాళ్లు.

కలిగిన కుటుంబమే. ఇంట్లో శాస్త్రగ్రంథాలు ఉండేవి. నరసాపురంలో చదువుకున్నాడు. కుర్రతనంలోనే ఇల్లొగ్గేసి పోయాడు. కాశీ, ఆ తర్వాత హిమాలయాలు, తపస్సు, యోగం, దాదాపు పదేళ్లు. ఆ పదేళ్ల గురించి భక్తులు చెప్పుకునేవి చాలా ఉన్నాయి, వాటి జోలికి నేను పోను. నాకు కావలసింది ఏటంటే, ఒక్కడూ కూచుని ఒక్క విషయం మీద ఏళ్ల తరబడి మనసు పెట్టడం ఆ మనిషికి అక్కడ అలవాటైపోయింది. తర్వాత అది ఇంకోదానికి పనికొచ్చింది.

1927లో తను రాసుకున్న గ్రంథాలు అచ్చువేయించుకోడానికి జర్మనీ ఎల్లాడు. డ్రెస్డెన్‌లో ఉండి యోగం మీద ఉపన్యాసాలిచ్చాడు. మన దేశం నుంచి పోయిన స్వాములు చాలామంది అంతటితో ఆగి ఆశ్రమం కట్టుకున్నారు. ఈయన అక్కడే గణితం, భౌతికశాస్త్రం చదవడం మొదలెట్టాడు. ముప్పై దాటిన వయసులో, పరాయి భాషలో, మొదటి బెంచీ నుంచి. ముప్పై నిండకుండానే ఇంకేటి చదువుతాంలే అనుకునే తమ్ముళ్ల కోసం ఈ మాట ప్రత్యేకంగా రాస్తన్నాను.

అదే 1927లో అమెరికాలో హెర్మన్ ముల్లర్ పళ్ల మీద వాలే చిన్న ఈగల మీద ఎక్స్ కిరణాలు పోసి, వాటి పిల్లల్లో కొత్త కొత్త మార్పులు వస్తున్నాయని చూపించాడు. ఒంటి రంగు, కంటి రంగు, రెక్క తీరు. కిరణాలు చర్మాన్ని కాలుస్తాయని అప్పటికే తెలుసు. బెకెరెల్ 1901లో రేడియం గొట్టాన్ని చొక్కా పైజేబులో పెట్టుకు తిరిగితే ఆ జేబు కింద చర్మం పుండైంది. (మన బైకుల మీద అంటించుకునే రేడియం స్టిక్కరులో రేడియం లేదు, కంగారు పడకండి, అది పడిన లైటుని తిప్పి కొడుతుందంతే.) కాలడం వేరు, ముల్లర్ చూపించింది వేరు. తరాలకి దిగే రాత ఏదో జీవంలో ఉంది, కిరణం ఆ రాతనే చెరుపుతోంది. ఆ రాత ఏ పదార్థంతో రాసుందో అప్పటికి ఎవరికీ తెలీదు.

డ్రెస్డెన్ నుంచి స్వామి ప్రేగ్ ఎల్లాడు. అక్కడ చార్లెస్ విశ్వవిద్యాలయంలో ఎక్స్ కిరణాల వర్ణపటాల మీద పనిచేసి, 1936లో డాక్టరేటు తీసుకున్నాడు. ఆయన చేతికి అబ్బిన అసలు పనితనం శూన్యం తయారుచేయడం. అంటే గాజు, లోహపు పాత్రలోంచి గాలి లాగేసి, లోపల దాదాపు ఏమీ మిగలకుండా చేయడం. ఊదితే వచ్చే ఊపిరంత గాలి కూడా ఉండకూడదు. పంపు మీద పంపు, అతుకు అతుకునా లీకు వెతకడం, రోజుల తరబడి. పదేళ్లు గుహలో కూచున్న మనిషికి తగిన పని. తర్వాత ఆ విద్య మీదే 1947లో అమెరికాలో ఆయన పుస్తకం అచ్చయింది. పేరు హై వాక్యువా. అట్ట మీద రచయిత పేరు స్వామి జ్ఞానానందే.

ఆ శూన్యం ఎందుకేటి అని నేను ఆలోచించిన రోజే అత్త ప్రశ్నకి జవాబు మొదలైంది. కొంచెం ఓపిక పట్టండి.

ప్రేగ్ తర్వాత ఆయన ఇంగ్లండులో లివర్‌పూల్ చేరాడు. అక్కడ ఆచార్యుడు జేమ్స్ చాడ్విక్, 1932లో న్యూట్రాన్ కనిపెట్టినవాడు. అక్కడ స్వామి పట్టుకున్నది బీటా కిరణాల్ని. బీటా కిరణమంటే అణువు నడిమధ్య కేంద్రకంలోంచి దూసుకొచ్చే ఎలక్ట్రాను. దాని వేగం, శక్తి కొలవాలి. అయస్కాంతం మధ్య వదిలితే అది వంగుతుంది. ఎంత వంగిందో చూసి ఎంత శక్తితో వచ్చిందో లెక్క తేలుస్తారు. అయితే దారిలో గాలి ఉండకూడదు. గాలి ఉంటే ఎలక్ట్రాన్ గాలి అణువుల్ని గుద్దుకుంటూ, ఒక్కోదాంట్లోంచి ఒక్కో ఎలక్ట్రాన్ని ఊడగొట్టుకుంటూ, శక్తి ఒలకబోసుకుంటూ పోతుంది. పది లక్షల వోల్టుల జోరున్న ఒక్క ఎలక్ట్రాను గాలిలో ఆగేలోపు దాదాపు 30,000 అణువుల్ని అలగ చెదరగొడుతుంది.

స్వామి జీవితంలో సగం ఆ గుద్దుకోవడం జరగకుండా చూడడానికే సరిపోయింది. అదే గుద్దుకోవడం మన మాంసంలో జరిగితే దాని పేరే రేడియేషన్ దెబ్బ.

మాంసం గాలిలాంటిది కాదు, చిక్కగా ఉంటుంది. గాలిలో మూడు నాలుగు మీటర్లు పోయే ఎలక్ట్రాను ఒంట్లో నాలుగైదు మిల్లీమీటర్లలో ఆగిపోతుంది. అంటే ఆ వేల గుద్దులూ అంత కొంచెం చోటులోనే పడతాయి. ఎక్స్ కిరణం, గామా కిరణం అయినా అంతే. అవి లోపలికి దూరి అక్కడి ఎలక్ట్రాన్లని తన్ని లేపుతాయి, మిగతా అల్లరి ఆ ఎలక్ట్రాన్లదే. రెండు అణువుల్ని పట్టి ఉంచే బంధం తెగడానికి ఆ ఎలక్ట్రాన్ శక్తిలో లక్షో వంతు కూడా అక్కర్లేదు.

మన కణంలో మూడొంతుల దాకా నీరే. కాబట్టి ఎక్కువ దెబ్బలు నీటికే తగులుతాయి. నీటి అణువు పగిలితే అందులోంచి హైడ్రాక్సిల్ అనే తుంట ఒకటి పుడుతుంది. ఒక ఎలక్ట్రాన్ తక్కువైన తుంట, ఆకలి మీద ఉంటుంది. పక్కన ఏది దొరికితే దాన్నుంచి లాక్కుంటుంది. సెకనులో వంద కోట్లవ వంతు బతుకు దానిది, పోగలిగేది మిల్లీమీటరులో పదిలక్షల వంతులు కొన్ని. దానికి ఆ దూరం చాలు. ఎక్స్, గామా కిరణాలు చేసే చేటులో సుమారు మూడింట రెండొంతులు ఈ నీటి తుంటల ద్వారానే జరుగుతుంది. మిగతాది కిరణం లేపిన ఎలక్ట్రాను నేరుగా తగిలి జరుగుతుంది.

కణంలో తగలకూడని వస్తువు ఒకటుంది. డీఎన్‌ఏ. ప్రోటీన్ ఒకటి పాడైతే అలాంటివి ఇంకా వేలున్నాయి, పైగా కొత్తవి తయారవుతాయి. ఆ ప్రోటీన్లు ఎలా తయారుచేయాలో రాసున్న తాడు మాత్రం ఒక్కో కణానికి ఒక్క జతే. దాని మొత్తం పొడుగు దాదాపు 2 మీటర్లు. కంటికి కనపడని కణంలో చుట్టలు చుట్టి ఉంటుంది. రెండు పురులు పేనిన తాడు అనుకోండి. ఎద్దు పగ్గం చూశారు కదా, ఒక పురి తెగితే రెండోది పట్టుకునే ఉంటుంది, తెగిన పురిని మళ్లీ పేనుకోవచ్చు. రెండు పురులూ ఒకే చోట తెగితే తాడు రెండు ముక్కలు.

దీనికి అంకెలున్నాయి. ఒంటికి అందిన రేడియేషన్‌ని గ్రే అనే కొలతతో లెక్కేస్తారు. 1 గ్రే పడితే ఒక్కో కణంలో దాదాపు 1000 చోట్ల ఒక పురి తెగుతుంది. 20 నుంచి 40 చోట్ల రెండు పురులూ తెగుతాయి. ఇప్పుడు ఇంకో లెక్క చూడండి, ఇది చదివి నేను పుస్తకం మూసి కాసేపు కూచున్నాను. మనిషి ఒంటి మొత్తానికీ ఒకేసారి 4 గ్రే పడితే, వైద్యం లేకపోతే, అలాంటివాళ్లలో సగంమంది చచ్చిపోతారు. ఆ 4 గ్రేలో ఉన్న వేడి ఎంతో తెలుసా? 70 కిలోల మనిషికి అరచెంచాడు వేడి టీ తాగితే వచ్చినంత. ఒళ్లు డిగ్రీలో వెయ్యో వంతు వేడెక్కుతుంది. అందుకే కాలినట్టుండదు, మంటుండదు, వాసనుండదు. తాడు ఎక్కడ తెగింది అన్నదే లెక్క.

వెంటవెంటనే విడిపోయి రెండయ్యే కణాలకి ఇది ముందు తెలుస్తుంది. రెండుగా విడిపోవాలంటే తాడు సరిగ్గా ఉండాలి కదా. ఎముక మూలుగలో రక్తం పుట్టించే కణాలు, పేగు లోపలి పొర, వెంట్రుకల మొదళ్లు, కడుపులో బిడ్డ. మేరీ క్యూరీ 1934లో పోయింది మూలుగ రక్తం పుట్టించడం మానేసే జబ్బుతోనే. ఆవిడ నోటు పుస్తకాలు ఇప్పటికీ సీసం పెట్టెల్లో ఉన్నాయి.

తర్వాత యుద్ధం వచ్చింది. చాడ్విక్ అమెరికా ఎల్లి, బాంబు తయారీలో బ్రిటిష్ బృందానికి పెద్దయ్యాడు. స్వామి కూడా అమెరికాలోనే మిచిగన్ విశ్వవిద్యాలయంలో రేడియోధార్మిక పదార్థాల మీద పనిచేశాడు, బాంబు మీద కాదు. గురువు ఒక దారి, శిష్యుడు ఒక దారి. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద బాంబు పడింది. మంటకీ పేలుడుకీ తట్టుకుని బయటపడ్డ మనుషులు కొన్నాళ్లకి జుట్టు రాలి, చిగుళ్ల నుంచి రక్తం కారి పోయారు. మూలుగ, పేగు, వెంట్రుక మొదలు. పైన చెప్పిన వరసే. ఆ వార్తలు స్వామి మనసులో ఏం చేశాయో నేను కల్పించి రాయను. బీటా కిరణాన్ని అన్నేళ్లు చేత్తో కొలిచినవాడికి ఆ వార్త మనలాగ మాత్రం వినపడి ఉండదు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. హిరోషిమాలో బతికి బయటపడ్డవాళ్లకి తర్వాత పుట్టిన పిల్లల్ని దశాబ్దాలుగా పరీక్షిస్తూ వచ్చారు. వాళ్లలో పుట్టుక లోపాలు మామూలు కంటే పెరిగిన గుర్తు దొరకలేదు. బాంబు పడే వేళకి కడుపులో ఉన్న పిల్లలు మాత్రం బాగా దెబ్బతిన్నారు, కొందరు చిన్న తలలతో పుట్టారు. కిరణం తగిలిన పెద్దవాళ్లలో కేన్సర్లు పెరిగాయి. మొదట రక్త కేన్సరు, ఏళ్లు గడిచాక మిగతావి. నేను మైకులో చెప్పిన రెండు తలకాయల కథ అబద్ధం. నిజం దానికంటే నెమ్మదైనది, అయినా చిన్నదేం కాదు.

1947లో స్వామి మన దేశం తిరిగొచ్చాడు. ఢిల్లీలో జాతీయ భౌతిక ప్రయోగశాలలో కొన్నేళ్లు పనిచేశాడు. 1954లో ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చాడు. వీ.ఎస్.కృష్ణ ఉపకులపతిగా ఉన్న కాలం అది. అప్పటికి ఆయనకి 57 ఏళ్లు. ఆ వయసులో, ఢిల్లీ ఒగ్గేసి, సముద్రం ఒడ్డున ఉప్పుగాలికి ఇనుము తుప్పుపట్టే ఊళ్లో, అణు భౌతికశాస్త్రానికి ఒక విభాగం నిలబెట్టాడు. శూన్యం పంపుల వాడు ఉప్పుగాలి ఊరికి రావడమంటే మాటలు కాదు, ఏ మెకానిక్‌నైనా అడగండి. శ్రీకాకుళం, విజయనగరం గుంటలు అణువుల చదువు కోసం బొంబాయి, కలకత్తా పోనక్కర్లేకుండా అయింది.

ఇంకొక విషయం. ఆయన విశాఖ రావడానికి ఏడాది ముందు, 1953లో, వాట్సన్, క్రిక్ డీఎన్‌ఏ రెండు పురుల తాడని చూపించారు. ముల్లర్ ఈగల్లో చెరిగిన రాత ఏ పదార్థంతో రాసుందో, అది ఏ ఆకారంలో ఉందో అప్పటికి తేలింది. స్వామితో పాటు పుట్టిన విద్య, ఆయనకి జుట్టు నెరిసేసరికి కణం లోపలికి చేరింది. ఆ దెబ్బ ఎక్కడ పడుతుందో చెప్పడానికి జీవశాస్త్రం వాళ్లకి యాభై ఏళ్లు పైన పట్టింది. ఆ కొట్టే చెయ్యి బలమెంతో అంతకుముందే కొలిచిపెట్టుకున్నవాళ్లలో ఈ గోరగనమూడి మనిషి ఒకడు.

అత్త కాడికి వస్తాను.

తాడు తెగడంతో కథ అయిపోదు. కణంలో తాడు అతికే పనివాళ్లున్నారు, ప్రోటీన్లే. ఒక పురి తెగితే రెండో పురిని చూసి సరిగ్గా అతికేస్తారు. రెండూ తెగితే కష్టం. ఒక్కోసారి ఇక్కడి కొసని ఎక్కడిదో కొసకి ముడేస్తారు, ఎద్దు పగ్గాన్ని దూడ మెడకి కట్టినట్టు. ఆ తప్పు ముడితో కణం విడిపోబోతే చస్తుంది. చావకపోతే ఇంకా ప్రమాదం, ఆ తప్పు రాతతో బతికి ఏళ్ల తర్వాత కేన్సరు కావచ్చు. మంచి కణాలు అతుకు పని బాగా చేస్తాయి. చాలా కేన్సరు కణాలకి ఆ పని సరిగ్గా రాదు. కరెంటు వైద్యం నిలబడింది ఈ తేడా మీదే. రోజుకి సుమారు 2 గ్రే, వారానికి ఐదు రోజులు. ఇవాళ తెగిన తాళ్లని మంచి కణం రేపటికి చాలావరకు అతుక్కుంటుంది, కేన్సరు కణం అతుక్కోలేక వెనకబడుతుంది. అలాగ 25 రోజులు. మొత్తం 50 గ్రే దాకా అవుతుంది. ఒళ్లంతటికీ ఒకేసారి 4 గ్రే పడితే చచ్చే మనిషి, ఒక చోటుకి, చిన్న చిన్న వంతులుగా 50 పడినా బతకడానికి కారణం ఇదే.

మరి మధ్యలో పదకొండు రోజులు ఆపేస్తే? మిగిలిన కేన్సరు కణాలకి ఊపిరి పీల్చుకుని మళ్లీ పెరగడానికి సందు దొరుకుతుంది. గర్భసంచి మూతి కేన్సరుకి మొదటి రోజు నుంచి ఆఖరి రోజు దాకా, లోపల పెట్టే కరెంటుతో కలిపి, ఎనిమిది వారాల్లో ముగించాలని డాక్టర్లు చూస్తారు. ఆ గడువు దాటిన కొద్దీ జబ్బు లొంగే అవకాశం రోజు రోజుకీ తగ్గుతుంది. అత్తని అరుగు మీద కూచోబెట్టిన పదకొండు రోజులు మా ఇంటిల్లిపాదీ కలిసి ఆ కేన్సరుకిచ్చిన సెలవు. నేనూ అందులో ఉన్నాను.

రక్తం సంగతి కూడా అప్పుడే తెలిసింది. నీటి తుంట డీఎన్‌ఏని కొరికినచోట ఆక్సిజన్ ఉంటే, ఆ గాయం మానకుండా గట్టిపడిపోతుంది. ఆక్సిజన్ బాగా అందే కణానికీ అందని కణానికీ దెబ్బలో రెండున్నర, మూడు రెట్ల తేడా. కేన్సరు గడ్డ నడుమ ఆక్సిజన్ తక్కువ, కాబట్టి అక్కడి కణాలు తప్పించుకుంటాయి. ఒంట్లో రక్తం తక్కువగా ఉంటే ఇంకా తప్పించుకుంటాయి. మన ఊళ్లలో రక్తం సరిగా ఉన్న ఆడవాళ్లు ఎంతమంది? డాక్టరు రక్తం ఎక్కిస్తానంటే డబ్బుల కోసమేలే అనుకోకండి.

ఇక అరుగు సంగతి. బయట నుంచి యంత్రంతో పెట్టే కరెంటు, యంత్రం ఆపగానే అయిపోతుంది. టార్చి ఆర్పితే గోడ మీద వెలుగు నిలబడదు కదా, అలాగే. మనిషి ఒంట్లో ఏదీ మిగలదు, ఏదీ బయటికి రాదు. లోపల పెట్టే కరెంటుకి చిన్న మూలకం గొట్టంలోంచి పంపి మళ్లీ వెనక్కి లాగేస్తారు, తీసేశాక అదీ అంతే. కడుపుతో ఉన్న కోడలు పక్కన కూచోవచ్చు, మనవడు ఒళ్లో పడుకోవచ్చు. థైరాయిడ్ కేన్సరుకి మందులాగ తాగించే రేడియో అయోడిన్ మాత్రం వేరు. అది కొన్నాళ్లు ఒంట్లో ఉంటుంది కాబట్టి కొద్ది రోజులు దూరం పాటించమని డాక్టర్లే చెప్తారు. చెప్పకపోతే మీరే అడగండి. మమ్మల్ని ఎవరూ కూచోబెట్టి చెప్పలేదు, మేమూ అడగలేదు.

భయం లేనిచోట భయపడ్డాం. ఉన్నచోట భయపడడం లేదు, అది ఇంకో బాధ. మన పాతపట్నం, టెక్కలి, పలాస గుంటలు వెల్డింగ్ పనికని గుజరాత్ దాకా, గల్ఫ్ దాకా పోతన్నారు. అక్కడ పైపు అతుకులు బాగున్నాయో లేదో చూడ్డానికి ఆర్‌టీ పని ఉంటుంది. ఇరిడియం 192 అనే మూలకం, గోరంత, ఇనప కెమెరా పెట్టెలో ఉంటుంది. రాత్రుళ్లు మిగతావాళ్లు ఎల్లిపోయాక తీసి ఫోటో తీస్తారు. పైపుకి ఒక పక్క ఆ గామా మూలకం, రెండో పక్క ఫిల్ము. కెమెరాలోకి మూలకం తిరిగి ఎల్లిందో లేదో మీటరు పెట్టి చూడాలి. హెల్పరుగా పోయే మన గుంటడి చేతిలో ఆ మీటరు ఉంటందా? చొక్కాకి బ్యాడ్జీ ఉంటందా, ఉంటే అది వాడి పేరు మీద ఉంటందా? మన దేశంలో ఆ పని చేసేవాడికి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30కి మించకూడదు. మామూలు జనానికి ఏడాదికి 1. ఇది అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన హద్దు. హద్దు ఉందని తెలీనివాడికి అది దాటిందని ఎలగ తెలుస్తుంది?

పాత ఇనుము ఏరుకునేవాళ్లకైతే అదీ లేదు. 2010లో ఢిల్లీ మాయాపురి పాత ఇనుము బజారులో కోబాల్ట్ 60 దొరికింది. ఒక విశ్వవిద్యాలయంలో వాడకుండా మూలపడ్డ యంత్రాన్ని వేలంలో అమ్మేస్తే, కొన్నవాళ్లు అదేదో తెలీక విప్పి ముక్కలు చేశారు. ఒకతను చచ్చిపోయాడు, ఇంకొందరి చేతులు పుళ్లయ్యాయి, జుట్టు రాలిపోయింది. బెకెరెల్ జేబులో జరిగిందే, వందేళ్ల తర్వాత, చదువుకోని చేతుల్లో.

కొవ్వాడ మాటకొస్తే, నేను మారలేదు. రణస్థలం మండలంలో ఒక్కోటి 1208 మెగావాట్ల చొప్పున ఆరు రియాక్టర్లు పెట్టే ఆలోచనకి నేను ఒప్పుకోను, భూమి పోయిన మత్స్యకారుల వైపే ఉంటాను. కాకపోతే ఇప్పుడు నేనడిగేది వేరు. మన తీరంలో భావనపాడు, కళింగపట్నం ఇసకలో మోనజైట్ ఉంది, అందులో థోరియం ఉంది. అది దేవుడిచ్చిన రేడియేషన్, ఎప్పటినుంచో ఉన్నదే. ఊరూరా ఇప్పుడే కొలిచి, ఆ అంకె పంచాయతీ గోడ మీద రాసిపెట్టకపోతే, రేపు ఏదైనా పెరిగినప్పుడు అది ఇసకదని ఒకడంటాడు, ప్లాంటుదని నేనంటాను. ఇద్దరి చేతిలోనూ అంకె ఉండదు. కొలిచే విద్య మన విశాఖకే వచ్చి డెబ్బై ఏళ్లయింది. ఆ విభాగంలో చదివిన మన జిల్లా పిల్లలు ఎక్కడున్నా ఒక మీటరు పట్టుకుని ఊరొకసారి రండి, కూడా తిరగడానికి నేనుంటాను. మోటార్ సైకిలు నాది, పెట్రోలు మీరు పోయించండి.

స్వామి జ్ఞానానంద 1969 సెప్టెంబరు 21న పోయారు, 72 ఏళ్లకి. ఈ వ్యాసంలో మొదట వాడు అన్నాను, తర్వాత ఆయన అన్నాను, ఇప్పుడు పోయారు అంటన్నాను, మీరు గమనించే ఉంటారు. దిద్దలేదు, అలాగే ఉంచేశాను.

అత్త మిగిలిన 11 సార్లూ పెట్టించుకుంది. లోపల పెట్టే కరెంటు కూడా అయింది. బస్సులో కిటికీ పక్కన కూచోబెట్టి, పాతపట్నం నుంచి విశాఖ దాకా ఈ తాడు కథే చెప్పుకుంటూ ఎల్లాను. రెండు పురులూ తెగితే కేన్సరుకి అతుక్కోడం రాదన్నమాట నచ్చింది ఆవిడకి. అతుకులేసుకు బతకడం మనకి కొత్తేటి అని నవ్వింది. ఆర్నెల్లకోసారి చూపించుకుంటోంది, ఇప్పటిదాకా బాగానే ఉంది. అప్పుడు కోడలి కడుపులో ఉన్న గుంట ఇప్పుడు బడికి పోతోంది, రాత్రి అత్త పక్కనే పడుకుంటుంది.

ఒక్కటి మాత్రం మారలేదు. అన్నం వేళకి అత్త తన కంచం తనే తెచ్చుకుని అరుగు మీదకి పోతుంది. లోపలికి రమ్మని కోడలు పిలుస్తుంది, నేనూ పిలిచాను. ఇక్కడ గాలి బాగుంటదిరా అంటుంది.